పిన్ని మిషను ముందు తెర

ఆ శుక్రవారం ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే. పేటెంటమ్మ క్లాసుకు వెళ్లి దరఖాస్తు ముసాయిదా మేడమ్‌కు చూపించాలి. సోమవారం దాఖలు చేయాలి. అంతవరకూ పిన్ని నోరు మెదపకూడదు.

పేటెంటమ్మ అన్నది బాబాయి పెట్టిన పేరు. కెమిస్ట్రీ డిగ్రీ అయ్యాక ఆ పిల్ల మేధోసంపత్తి హక్కుల పీజీ కోర్సులో చేరింది. సైన్సు చదివినవాళ్లకు కొత్త వస్తువుల మీద హక్కులు ఎలా సంపాదించాలో అక్కడ నేర్పుతారు. తల్లి పోయిన ఆమెను చంకనేసుకుని పెంచి, కుట్టుకొట్టు నడిపి ఇంతదాకా చదివించింది పిన్ని. అందుకు బదులుగా ఏం చేయాలా అని చూస్తుంటే, ఇంట్లో పిన్ని పాత మిషను మీదే దొరికింది. జారుడు గుడ్డ సూది కింద వంకర పోకుండా పిన్ని రేకు వంచి చేసుకున్న చిన్న పట్టు. అలాంటిది ఇంకెక్కడా లేదని పేటెంటమ్మ రాత్రింబవళ్లు వెతికి తేల్చుకుంది. పిన్ని పేరున పేటెంటు తీయించాలి. కోర్సు ప్రాజెక్టు కూడా అదే.

"దాఖలు కాకముందు నలుగురి కంటా పడితే అది కొత్తది కాకుండా పోతుంది పిన్నీ. ఎవరడిగినా చెప్పకు" అని ఒట్టు వేయించుకుని మరీ వెళ్లింది.

తీరా ఆ రోజే ఇంట్లో మిషను మొరాయించింది. సాయంత్రానికి ఇవ్వాల్సినవన్నీ జారుడు గుడ్డలే. పిన్ని ఆ పట్టును కొట్టుకు తెచ్చి, అక్కడి మిషనుకు బిగించి, ముందు పాత దుప్పటి కట్టి, దాని వెనక కూర్చుంది. తెర ఎందుకని మొదటి ఖాతాదారు అడిగింది. పిన్నికి అబద్ధం ఆడటం చేతకాదు. ఏమీ అడగొద్దని, అమ్మాయి చెప్పొద్దందని బతిమాలింది.

ఆవిడ ఇంటికి చేరేలోపే పిన్నికి చూపు పోయిందన్నారు. ఆ తర్వాత వచ్చినావిడ, చూపు కాదు, మిషనే పోయిందంది. గుమ్మంలో కాపలా పెట్టిన బాబాయి తన వంతు సాయం చేశాడు. సోమవారం దాకా ఓపిక పడితే అన్నీ తెలుస్తాయని అందరికీ గంభీరంగా చెప్పాడు. దాంతో సోమవారం కొట్టు ఎత్తేస్తున్నారని ఖాయమైపోయింది. కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కిమ్మంటూ ఆడవాళ్లు గుమ్మం నిండా చేరారు. వెనకనుంచి ఎవరో, గుడ్డలు అమ్మేసుకుని ఉంటారని కూడా అన్నారు.

పిన్ని అంతా ఓర్చుకుంది గానీ ఆ మాట ఓర్చుకోలేకపోయింది. దుప్పటి లాగి పారేసి, జారుడు గుడ్డ ఒకటి తీసి, పట్టు కింద పెట్టి గడగడా కుట్టింది. కుట్టు గీత గీసినట్టు వచ్చింది. ఒకావిడ ఫోనులో వీడియో తీసి ఊరంతటికీ పంపింది.

పేటెంటమ్మ మేడమ్ ముందు కొత్తదనం గురించి వివరిస్తుండగానే ఆ వీడియో పక్క బెంచీ అమ్మాయి ఫోనులోకి వచ్చిపడింది. చూసిన పేటెంటమ్మ నిలువునా నీరుగారిపోయి, ఒక్క పరుగున కొట్టుకు వచ్చి పిన్ని ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. "నీ పేరు మీద ఒక్కటైనా ఉండాలనుకున్నాను పిన్నీ. నేనే పాడుచేశాను."

"నా పేరు కోసమా నిన్ను చదివించింది?" అంది పిన్ని, తల నిమురుతూ. "నాకోసం ఇంత తాపత్రయపడ్డావు చూడు, నాకది చాలదుటే?"

వెనకాలే రొప్పుతూ మేడమ్ వచ్చింది. పేటెంటు ఆశ వదులుకోమని రాగానే చెప్పేసింది. తర్వాత వీడియో మళ్లీ పెట్టి, ఈసారి చూడొద్దు, వినమంది. వీధంతా పిన్నిని పిన్ని అనే పిలుస్తుంది. వీడియోలో ఆడవాళ్లంతా ఆ రేకును "పిన్నిపట్టు" అంటున్నారు, తమకూ ఒకటి చేసివ్వమంటున్నారు.

"ఆ పేరును మీ పిన్ని సరుకు గుర్తుగా, అదే ట్రేడ్‌మార్కుగా, రిజిస్టరు చేయించమ్మా. పేటెంటుకు నలుగురి నోట పడటమే చేటు. పేరుకు అదే బలం. నీ ప్రాజెక్టు ఇదే" అంది మేడమ్.

పేటెంటమ్మ కళ్లు తుడుచుకుని, పేరు కోసం కొత్త దరఖాస్తు రాసి, యజమాని అన్నచోట పిన్ని చేత సంతకం పెట్టించింది. ఇది ఎంతమందికి చెబితే అంత మంచిదని బాబాయికి కబురు పెట్టబోతే, ఆయన అప్పటికే పక్క వీధి పూర్తి చేసి ఆ పై వీధిలో ఉన్నాడు.