అంపాదు టెస్టు డ్రైవు పర్వము

సర్వశకటరోగనివారణదక్షమగు పదమూడో నంబరు స్పానరుకు మొదటి మొక్కు. కాలి కాలి నల్లబడి, నేలలో ఇంకి, చెప్పులకంటుకుని ఇంటింటికీ విచ్చేసే ఇంజనాయిలుకు రెండో మొక్కు. "ఇంకో అరగంట" అనే ఫిట్టరు అభయవాక్యానికి, అది ఏ యుగంలోనూ నిజం కాకపోయినా, మూడో మొక్కు. ఇక కథ వినండి. ఎడారినుంచి వీచే హర్మటాను గాలి ఎర్రదుమ్ము లేపి సూర్యబింబాన్ని మసకబార్చిన జనవరి మాసంలో, శుక్రవారంనాడు, ఉదయం ఏడు గంటల శుభవేళ, కుమాసీ మహానగరోత్తరభాగమున, సహస్రాధికశకటవైద్యశాలాసంకులమై, సుత్తిదెబ్బల చప్పుడుకు దిక్కులు పిక్కటిల్లే సువామె మ్యాగజీనులోకి, అసాంతెవంశసంజాతుడూ, తపాలాముద్రాప్రహారప్రవీణుడూ అయిన నలభైయెనిమిదేళ్ల గుమాస్తా క్వాసీ అంపాదు తన నీలికారుతో ప్రవేశించాడు. కారుకు పద్దెనిమిదేళ్లు. వెనకద్దం మీద "దేవుడి దయ" అని రాసి ఉంటుంది. అది నడిచేదీ దాంతోనే.

సర్వీసింగుకు ఇంత ఆర్భాటమేమిటి అంటారా? ఉంది మరి. పోయిన మార్చిలో ఇదే కారును ఇదే పనికి ఇదే ఫిట్టరు చేతిలో పెట్టి, "రేపు మా అత్తగారిని వాళ్లక్క అంత్యక్రియలకు నా కారులోనే తీసుకెళ్తాను" అని పదిమందిలో ప్రతిజ్ఞ చేసినవాడు ఈ అంపాదే. పని అయ్యాక ఫిట్టరు "టెస్టు డ్రైవు, ఇప్పుడే వస్తా" అని వెళ్లి మర్నాటి సాయంత్రానికి తిరిగొచ్చాడు. డిక్కీ నిండా మేక వెంట్రుకలు. అత్తగారు మామె కొనాదు నల్లబట్టలు కట్టుకుని మిట్టమధ్యాహ్నం దాకా వాకిట్లో పీట మీద కూర్చుని, చివరికి బొగ్గు బస్తాలెత్తిన ట్రోట్రో వ్యానులో ఇరుక్కుని వెళ్లింది. ఆనాటినుంచి పది నెలలుగా ఆమె అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతను వాళ్లింటికి భోజనానికి వెళ్తే, చెప్పవలసింది గోడకు చెబుతుంది: "సూపు చల్లారిపోతోందని ఆయనతో చెప్పండి." ఇప్పుడు మాంపోంగులో ఆమె అన్నగారి సంవత్సరీకం వచ్చింది. రేపే. రేపు కూడా కారు లేదంటే ఆవిడ ఇక చచ్చేదాకా గోడతోనే మాట్లాడుతుందని అంపాదుకు తెలుసు.

ఫిట్టర్ని మార్చుకోవచ్చుగా అని మీరంటారు. కారు లేనివాళ్లు అలాగే అంటారు లెండి. పెళ్లాన్ని మార్చినవాణ్ణి కుమాసీలో చూశాం గానీ ఫిట్టర్ని మార్చినవాణ్ణి చూడలేదు. ఏ బోల్టు ఎప్పుడు పోతే దాని స్థానంలో ఏ కారుది బిగించాడో ఆ మహానుభావుడికే తెలుసు.

ఆ మహానుభావుడే మాస్టరు బొన్సు. తైలలిప్తసర్వాంగుడు, చెవిమీద పెన్సిలుధారి, ఇంజను చప్పుడు విని రోగం చెప్పే నాడీవైద్యశిఖామణి. నవ్వితే మాత్రం ఎంతటి మొండివాడైనా తాళంచెవి ఇచ్చేసి ఇంటికి పోతాడు.

"అన్నా, వచ్చావా. తాళం ఇలా ఇచ్చి వెళ్లు. అయ్యాక నేనే ఫోను చేస్తా."

అప్పుడు అంపాదు మనసులో ఇట్లనుకున్నాడు: "ఓరీ శకటాపహరణచతురా! నీ దంతకాంతికి భ్రమసి ఒకసారి చెడితిని. ఈ సూర్యుడు సాక్షిగా, ఈ ఎర్రదుమ్ము సాక్షిగా, నా వాహనమును కనురెప్ప వాల్చక కాచెదను!" తీరా నోరు విప్పితే వచ్చింది ఇంతే: "ఇవాళ సెలవు పెట్టాను మాస్టరూ. ఇక్కడే కూర్చుంటా."

"కూర్చుని ఏం చేస్తావు?"

"చూస్తా."

బొన్సు నవ్వు కాస్త తగ్గింది. అంపాదు ఒక విరిగిన సీటును కారు ముందుకు లాక్కుని దానిమీద ఆసీనుడై, తాను నమ్మిన దుకాణంలో తానే కొన్న ఇంజనాయిలు డబ్బా, ఫిల్టర్లు, ప్లగ్గులు, బ్రేకు ప్యాడ్లు వరసగా పేర్చి, పక్కన ఖాళీ గోనెసంచి తెరిచిపెట్టాడు. "తీసిన ప్రతి పాతసామానూ ఇందులో పడాలి," అన్నాడు. పాతది తన సంచిలో పడితేనే కొత్తది కారులో పడ్డట్టు. అతని బాబాయి చెప్పిన మాట అది, కారు కొన్ననాడే.

అంతట సమరము ప్రారంభమైనది. జాకీదండసముద్ధృతమై నీలికారు ముంగాళ్లెత్తి నిలువగా, దాని ఉదరమందలి మర ఊడదీయగా, పది నెలలుగా నగరవీథీధూళినంతటినీ మింగి చిక్కబడిన తైలము బొటబొటా బేసినులోకి కారగా, ఆయిలు ఫిల్టరు నేలకూలెను, గాలి ఫిల్టరు తన గర్భమందు దాచిన సగం సహారా ఎడారిని వెడలగ్రక్కెను, నాలుగు ప్లగ్గులును నల్లని మొగములతో బందీలై సంచిని చేరెను, అరిగి అరిగి బిస్కెట్టంత పలచనైన బ్రేకు ప్యాడ్లు ఆ వెంటనే చెరపడెను. రేడియేటరులో పాత నీళ్లు పోయి కొత్తవి వచ్చాయి. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మారాయి. బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి పొరను వేడినీళ్లతో కడిగారు. అంపాదు రెప్ప వెయ్యలేదు. దుమ్ము పడి కళ్లు మండి నీళ్లు కారినా ఒక కన్ను మూసి రెండోదాంతో చూశాడు.

శత్రువు ఊరుకుంటాడా? పదింటికి బొన్సు తలెత్తి, "అన్నా, పైపు క్లిప్పు ఒకటి కావాలి. ఆ చివరి సందులో దొరుకుతుంది, చటుక్కున పట్రా," అన్నాడు.

"ఈ సందులోనే నాలుగు దుకాణాలున్నాయిగా, కేకేస్తే వాళ్లే తెస్తారు."

పన్నెండింటికి బొన్సు భార్య పెండలం దంచి చేసిన ఫుఫూ ముద్దలు తెచ్చింది, వేరుశనగ సూపుతో, పొగలు కక్కుతూ. వాసనకు పక్క షెడ్డులో వెల్డింగు ఆగిపోయింది. "రా అన్నా, చేతులు కడుక్కో. పంపు ఆ వెనకాల ఉంది," అన్నాడు బొన్సు, ఎంతో ప్రేమగా.

పంపు వెనకాల ఉందట. అక్కడికెళ్తే కారు కనబడదు. అంపాదు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, అయినా, "నాకు ఆకలి లేదమ్మా," అని ఆ ఇల్లాలికి చెప్పాడు. ఇంతకన్న పెద్ద అబద్ధం అతను పుట్టి బుద్ధెరిగి ఆడలేదు.

మూడు గంటలకు బానెట్టు మూతపడింది. బొన్సు చేతులు తుడుచుకుంటూ, రోజూ అనే మాటే అన్నట్టు అన్నాడు: "టెస్టు డ్రైవు. తాళం ఇలా ఇవ్వు."

కాదనడానికి లేదు. కొత్త ప్యాడ్లు వేశాక రోడ్డుమీద పరీక్షించకుండా బండి ఇవ్వడం ఏ ఫిట్టరుకైనా పరువుతక్కువ. పైగా ఆ బ్రేకులనే నమ్ముకుని రేపు అత్తగారు కూర్చోవాలి. ఇస్తే కారు పోతుంది, ఇవ్వకపోతే బ్రేకులు ఎలా ఉన్నాయో తెలియదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అంపాదు జేబులోంచి తపాలా ఆఫీసు పురికొస తీశాడు. పార్శిళ్లు కట్టే గట్టి దారం అది, ఎడ్లబండి లాగినా తెగదు. దాని ఒక కొస తాళంచెవికి, రెండో కొస తన మెడకు ముడివేశాడు.

"నేనూ వస్తా," అని గోనెసంచి కూడా కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కసీటెక్కాడు.

"అన్నా, ఇదేం చోద్యం?"

"నడుపు మాస్టరూ."

ఆహా, ఆ ప్రయాణాన్ని ఏమని వర్ణింతును! తాళంచెవి స్టీరింగు పక్కన కన్నంలో ఉండగా, పురికొస పొట్టిదగుటచే, ఆ వీరాగ్రేసరుడు పక్కసీటునుండి ఏటవాలుగా వంగి, ఫిట్టరు మోకాలికి తన చెవి ఆనుచుండ, గుంటగుంటకూ తల గేరుకు తగులుచుండ, పట్టిన పట్టు విడువక సాగిపోయెను. బొన్సు ఒకచోట ఆగి మూడు పెండలం మోపులు డిక్కీలో వేయించాడు. ఇంకోచోట ఆగి వాటిని తన వదినగారింట్లో దింపించాడు.

"ఇది టెస్టేనా?"

"బరువుతో చూడొద్దూ మరి. బ్రేకులు ఎలా పట్టాయో చూశావుగా," అన్నాడు బొన్సు. కానీ నుదుట చెమట పట్టింది. "అన్నా, నిన్ను ఇక్కడ దింపేస్తాను. నీకు మీ ఇల్లు దగ్గర."

"నాకేం తొందర లేదు."

బొన్సు నిట్టూర్చి టాఫో వైపు తిప్పాడు. ఎడమకు, మళ్లీ ఎడమకు. ఒరిగిన తలతో అద్దంలోంచి పైకి చూస్తున్న అంపాదుకు ఒక బొప్పాయి చెట్టు, ఒక పచ్చ గేటు కనబడ్డాయి. ఆ గేటుకు పోయినేడు రంగేసింది తనే. అది అత్తగారిల్లు.

వాకిట్లో మామె కొనాదు మూటాముల్లే సర్దుకుని, నల్లబట్టలు మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏం బొన్సూ, రెండింటికన్నావు, నాలుగైంది. మాంపోంగు చేరేసరికి పొద్దు గూకదూ?"

అంపాదుకు అంతా అర్థమైంది. కారు సర్వీసింగుకు వెళ్తోందని విన్న అత్తగారు, అల్లుడి మాట నీటిమూటని తేల్చుకుని, ఎలాగూ బండి రాత్రికి ఫిట్టరు దగ్గరే ఉంటుంది గదా అని, అతనితోనే బేరం కుదుర్చుకుంది. మాంపోంగు దాకా టెస్టు డ్రైవు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాం గానీ, అల్లుడి కారు ఫిట్టరు అత్తకు దానమివ్వడం ఇప్పుడే చూస్తున్నాం. అంపాదుకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ దగ్గరికొచ్చి కిటికీలోంచి తొంగిచూసింది. "ఆయనెందుకొచ్చాడు?" అంది బొన్సుతో.

"పొద్దున ఏడింటినుంచీ వదల్లేదమ్మా. తిండి కూడా తినలేదు. ఇరవయ్యేళ్లలో ఇలాంటి జిడ్డు మనిషిని చూడలేదు నేను."

అప్పుడు అంపాదు "అత్తాజనశిరోమణీ, ఆలకింపుము" అని మొదలుపెట్టి అనర్గళంగా ప్రసంగిద్దామనుకున్నాడు. తీరా చేసింది ఇంతే: మెడ తాడుతో ఉండగానే కాలితో గోనెసంచి ముందుకు తోసి, ఒక్కొక్కటే తీసి కిటికీ అంచుమీద పెట్టాడు. "ఇవి పాత ప్యాడ్లత్తయ్యా. కొత్తవి నా ఎదురుగానే వేశాడు. ఇది ఫిల్టరు. ఇవి ప్లగ్గులు. నాలుగూ. ఆయిలు డబ్బా సీలు నేనే తీశాను." మసి చేతులతో అవన్నీ అటూ ఇటూ సర్దాడు. "రేపు పొద్దున్నే తీసుకెళ్దామనుకున్నాను. ఇవాళే అంటే ఇవాళే."

మామె కొనాదు ఆ ప్యాడును వేళ్లతో పట్టుకుని మందం చూసింది. తర్వాత అల్లుడి మెడను చూసింది. పురికొస ఒరుసుకుని ఎర్రగా వాత తేలింది.

"మెడ నొప్పెట్టలేదూ నీకు?" అంది.

నీకు. గోడకు కాదు, బొన్సుకు కాదు. అంపాదు తల అడ్డంగా ఊపాడు, అది కూడా పురికొస పొడుగున్నంతవరకే.

"దిగి ఇటు వచ్చి కూర్చో," అని అల్లుడికి డ్రైవరు సీటు చూపించి, "నువ్వు వెనక్కి పోరా," అంది బొన్సుతో.

"అమ్మా, టెస్టింకా..."

"వెనక కూర్చుని చెయ్యి టెస్టు. ఈ మూట పట్టుకో, నలక్కుండా."

అంతట, ఓ కుమాసీవాసులారా, ఓ సకలశకటయజమానులారా, వినుడు! శాలివాహనశకమున గాదు, క్రీస్తుశకమున గాదు, ఆ కారు సర్వీసింగు శకమున, అపరాహ్ణవేళ నాలుగు గంటల పన్నెండు నిమిషములకు, నిరాహారదీక్షాతత్పరుడు, పురికొసాభరణభూషితకంఠుడు, పాతసామానుసంచీధరుడు నగు క్వాసీ అంపాదు, ఫుఫూ ప్రలోభమును జయించి, పైపు క్లిప్పు కుట్రను భగ్నముచేసి, సువామె మ్యాగజీను చరిత్రలో ఏ వీరుడును సాధింపని ఘనవిజయమును సాధించెను: సర్వీసింగు జరిగిన దినముననే, ఇంకను పగలుండగనే, తన సొంత కారులో తానే స్టీరింగు ముందు కూర్చుండెను.

అత్తగారు పక్కసీట్లో కూర్చుని తలుపు గట్టిగా వేసింది. "నెమ్మదిగా పోనీ నాయనా," అంది. "దారిలో మొక్కజొన్న కెంకీ ముద్దలు ఎక్కడైనా కనిపిస్తే ఆపు. ముందు నువ్వు ఏదైనా తిను."