శౌరయ్య మేతసంచి

జట్కా తోలే శౌరయ్య ఆ పొద్దున ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు, చిలక్కి మందు తినిపించడం. చిలక అతని గుర్రం. ఎంత మేత వేసినా ఎముకలు లెక్కపెట్టుకునేటట్టే ఉండేది. కడుపులో ఏలికపాములున్నాయని శౌరయ్య తనే తేల్చేశాడు. గుర్రాన్ని తోలుకెళితే పూట బేరాలు పోతాయని పశువుల ఆసుపత్రికి ఒక్కడే వెళ్లాడు.

"గుర్రమేదయ్యా?" అన్నాడు డాక్టరు ఆమోసుగారు.

"ఇంటికాడుందండి. మందిప్పించండి చాలు."

బతిమాలి బతిమాలి మందు తెచ్చుకున్నాడు. చిలక పడిపోతే తన బండీ, బతుకూ పడిపోయినట్టే.

వన్ టౌన్ స్టాండులో మందును తవుడులో కలిపి, మేతసంచి చిలక మెడకు తగిలించాడో లేదో, నిండు చూలాలైన కోడల్ని పట్టుకుని తెరేసమ్మ వచ్చింది.

"ఆసుపత్రికి పోనియ్యి శౌరయ్యా, నొప్పులొస్తన్నాయి!"

వరసలో ముందున్న బండి అతనిదే, కాదనడానికి లేదు. సంచి తీసి స్టాండులోని కొయ్యకు తగిలించి బండి తోలాడు.

ఆ స్టాండులో ఒక ఆచారముంది. మేత మధ్యలో బేరం తగిలితే ఆ సంచి వెనక గుర్రానిది, మర్నాడు ఆ బండివాళ్లు తిరిగి పెడతారు. కంగారులో శౌరయ్యకు అది గుర్తు రాలేదు. తిరిగొచ్చేసరికి సంచి ఖాళీ.

వెనక బండి హనుమయ్యది. అతని తెల్లగుర్రానికి మూడేళ్లు. కుండలాంటి పొట్ట. పెళ్లి ఊరేగింపంటే అదే రావాలి. "మేపడం తెలియాలి శౌరయ్యా" అని ఆ పొట్ట నిమురుతూ హనుమయ్య రోజూ అంటుండేవాడు.

"హనుమయ్యేడి?" అని అడిగాడు శౌరయ్య.

"సాయంత్రం పెళ్లుందిగా. గుర్రాన్ని కడగడానికి కాలవకెళ్లాడు" అన్నాడు పక్క బండి రత్తయ్య.

శౌరయ్య పరిగెత్తాడు. కాలవంతా వెతికినా హనుమయ్య దొరకలేదు. పశువుల ఆసుపత్రికి వెళితే డాక్టరు ఊళ్లో లేడు, వచ్చింది సాయంత్రం నాలుగింటికి. సంగతి విని గడియారం చూసుకుని, "మందు పనిచేసే వేళయింది. పద, ఊరేగింపు ఆపాలి" అంటూ చిలక బండే ఎక్కాడు.

అప్పటికే ఊరేగింపు ఆడపెళ్లివారి వీధిలోకి తిరిగింది. శౌరయ్య జనంలోకి దూరి గొంతు చించుకున్నాడు.

"పెళ్లికొడుకుని దించండి బాబూ! ఎందుకనేది నలుగుర్లో చెప్పేది కాదు!"

పెళ్లికూతురి తండ్రి వెంకటప్పయ్య ముఖం మాడిపోయింది. "ఏంటీ, ఇంకో పెళ్లాం గానీ ఉందా ఏంటి?"

"ఎవడ్రా నిన్ను పంపింది?" అంటూ పెళ్లికొడుకు మేనమామ శౌరయ్య చొక్కా పట్టుకున్నాడు.

"నాకేం తెలీదు మామగారూ!" అని గుర్రమ్మీది పెళ్లికొడుకు ఏడుపు మొహం పెట్టాడు. దాంతో వెంకటప్పయ్యకు అనుమానం ఇంకా ముదిరింది. పెళ్లి ఆగిపోయేటట్టే ఉంది.

అప్పుడు తెల్లగుర్రం నిలబడి తోక ఎత్తింది.

బ్యాండు దానంతటదే ఆగిపోయింది. జానెడేసి తెల్లటి పురుగులు, ఉండలు ఉండలుగా, వస్తున్నాయి, వస్తూనే ఉన్నాయి. అసహ్యించుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. ఇంత లోకం ఒక్క కడుపులో చప్పుడు లేకుండా కాపురం చేసిందా అని శౌరయ్య ఒళ్లు జలదరించింది. వెంకటప్పయ్య తల్లి పద్మావతమ్మ రెండు చేతులూ జోడించింది, ఎవరికన్నది ఆవిడకే తెలియదు. ఆమోసుగారు పెళ్లివారి పన్నీరు సీసా అందుకుని వీధిలో ఒంపేసి, "నా సర్వీసులో ఇన్ని చూళ్లేదు" అంటూ ఒకదాన్ని పుల్లతో అందులోకి ఎత్తుకున్నాడు.

హనుమయ్య తన గుర్రం పొట్ట నిమిరి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇన్నాళ్లూ నేను మేపింది వీటినా డాక్టరుగారూ?"

"వీటినే. ఇంకో నెలాగితే పేగు మూసుకుపోయి చచ్చేది. ఆ మందే బతికించింది."

హనుమయ్య వచ్చి శౌరయ్యను వాటేసుకున్నాడు. వెంకటప్పయ్య అల్లుడి మొహం చూడలేక తనే బ్యాండువాళ్లను వాయించమన్నాడు. శౌరయ్యకు మాత్రం దిగులు తీరలేదు.

"మరి మా చిలక్కి మందో బాబూ?" అన్నాడు.

డాక్టరు చిలక నోరు తెరిచి లోపల వేలు పెట్టి చూశాడు.

"పురుగుల సంగతి తరవాత. దీని పళ్లు బుగ్గలు ఒరుసుకుపోయేంత పదునుగా పెరిగాయి. నమల్లేక సగం మేత కిందకే వదిలేస్తోంది. పళ్లు ఆకురాయితో అరగదీస్తే తేరుకుంటుంది. రేపు ఆసుపత్రికి రా" అని, బండెక్కబోతూ ఆగాడు. "ఈసారి గుర్రాన్ని కూడా తీసుకురా."