రెండో షిఫ్టు తర్వాత రెండో షిఫ్టు

మూడు షిఫ్టుల బడిని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది! బంగారంలాంటి ఏర్పాటండీ అది. నమ్మకపోతే మా రాజధాని బిష్కెక్ అంచున ఉన్న మా కాలనీకి రండి. జనవరి చలిలో మా బడి బెంచీ మీద ఒక్కసారి కూర్చుని చూడండి.

వెచ్చగా ఉంటుంది! ఎందుకుండదూ? పొద్దున్నే ఒకడు కూర్చుంటాడు, వాడు లేవగానే ఇంకొకడు, మధ్యాహ్నం మూడున్నరకి మూడోవాడు. నాలుగొందల మందికి కట్టిన బడిలో పదమూడొందల మంది ఉంటే ఇక పొయ్యితో పనేముంది?

మా మనవరాలు ఎర్కాయిమ్ రెండో తరగతి, మూడో షిఫ్టు. తన బెంచీలో పొద్దున కూర్చునే పిల్ల ఎవరో దానికి తెలీదు. కానీ ఆ పిల్ల సగం కొరికి దాచుకున్న కురుత్, అదే ఎండబెట్టిన పెరుగుండ, డెస్కులో రోజూ దొరుకుతుంది. మిగతా సగం మా వాటా! సొంత అక్కచెల్లెళ్ళయినా ఇంత సర్దుకుపోతారా?

బడి మొత్తానికి మరుగుదొడ్డి ఒక్కటే, అదీ ఆవరణ చివర. పోనీండి, క్యూలో నిలబడటం అలవాటవుతుంది! పెద్దయ్యాక ఏ ఆఫీసుకెళ్ళినా కావాల్సిన చదువు అదే కదా? మీరిమ్ టీచరు మూడు షిఫ్టులూ తనే చెబుతుంది. పాపం, ఇంట్లో వంట బాధ తప్పింది. సొంత పిల్లల పేర్లు ఆదివారం ఆదివారం గుర్తు చేసుకుంటుంది.

పాఠం అరగంటే కాబట్టి విసుగు పుట్టే ప్రసక్తే లేదు. తరగతిలో నలభై ఏడుగురు. హాజరుపట్టీ వరసలో ఒక్కొక్కరూ లేచి ఆనాటి పాఠం పైకి చదవాలి. మా ఇంటిపేరు యూనుసలియేవ్. మా అక్షరమాలలో 'యూ' చివరి నుంచి రెండోది, ఆ చివరి అక్షరంతో ఆ తరగతిలో ఎవరూ లేరు. అంటే మా ఎర్కాయిమ్ నలభై ఏడో పిల్ల. దాని వంతు రాకముందే గంట కొడతారు. రేపు కొత్త పాఠం, మళ్ళీ పైనుంచి మొదలు. ఏడాదిన్నరగా ఒక్కసారీ లేచి చదవలేదు మా పిల్ల. ఎంత అదృష్టం! తప్పు చదివి తిట్లు తిన్నదే లేదు.

ఇంత చల్లగా నడుస్తున్న బడి మీద ప్రభుత్వం కన్ను పడింది. పిల్లల క్షేమం కోరి దేశమంతటికీ కొత్త విధానం తెచ్చారు: ఇక ఏ బడిలోనూ మూడో షిఫ్టు ఉండకూడదు! కొత్త గదులు వస్తాయని ఎదురుచూశాం. కాగితం వచ్చింది. మా హెడ్మాస్టరు సొవెత్‌బెక్ రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు నవ్వుతూ వచ్చాడు. గోడ మీద 'మూడో షిఫ్టు' చెరిపించి 'రెండో షిఫ్టు, కొనసాగింపు' అని రాయించాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన!

ఆ ఘనకార్యం తనిఖీకి పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఊరి పెద్దనని, పేపర్లో రాస్తానని నన్నూ తరగతిలో వెనక కూర్చోబెట్టారు.

"ఏ షిఫ్టు పాపా మీది?" అని అడిగాడు అధికారి, ముందు వరసలోని పిల్లని.

"రెండోదండీ."

"మరి మీకంటే ముందు ఇక్కడ కూర్చునేవాళ్ళది?"

"వాళ్ళదీ రెండోదేనండీ!"

సొవెత్‌బెక్ దగ్గాడు. అధికారి రాసుకున్నాడు. తర్వాత తెలివిగా నవ్వి, "మొద్దులంతా హాజరుపట్టీ అడుగున దాక్కుంటారు, నాకు తెలుసులే. చివరి పేరెవరిది? లే, చదువు" అన్నాడు.

చివరి పేరు మాదే! ఎర్కాయిమ్ లేచింది. ఆయనే పుస్తకం తీసి ఏదో పేజీ తెరిచి ఇచ్చాడు. పేజీ నిండా పెద్ద ఆపిల్ బొమ్మ, కింద నాలుగు మాటలు. మా పిల్ల గొంతు సవరించుకుని గడగడా అందుకుంది: "తెల్ల గొర్రెపిల్ల వానలో తడిసింది. అమ్మ కోసం అరిచింది..."

అది ఆనాటి పాఠం. అప్పటికే ముప్పై మంది చదవగా విని కంఠతా పట్టేసింది. మీరిమ్ టీచరు మొహం పాలిపోయింది. అధికారి మాత్రం ఫోను చూసుకుంటూ, "శభాష్! ఇంత వేగంగా మా ఆఫీసులోనే ఎవరూ చదవరు" అని, 'అత్యుత్తమం' అని రాసి, నూనెలో వేయించిన పిండి బోర్సోకులూ టీ పెట్టిన గదిలోకి వెళ్ళిపోయాడు.

నిజమే మరి! ఎదురుగా ఉన్నది చూడకుండా, విన్నది గడగడా అప్పజెప్పడం వచ్చాక, ఆ ఆఫీసులో ఉద్యోగానికి ఇంకేం తక్కువ?

బడి వదిలాక చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకొస్తున్నాను. సగం దారిలో ఆగింది.

"తాతా, ఆయన తెరిచిన పేజీలో ఆపిల్ ఉంది కదా. దాని కింద ఏం రాసుంది?"

"నువ్వే చదివావుగా తల్లీ?"

"పో తాతా! నాకు చదవడం రాదుగా. నా వంతు రాందే ఎలా వస్తుంది?"

నవ్వబోయాను, రాలేదు. ఏడుపొచ్చింది. రోజూ పక్కనే టీ తాగే తాతని, ఏడాదిన్నరగా నేనూ ఒక్క పేజీ తెరిచి అడగలేదు.

మంత్రిగారూ! గదులు అడగను, టీచర్లని అడగను, అంత ఆశ లేదు నాకు. షిఫ్టులకి మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. ఇంకొక్క కాగితం పంపండి చాలు: శుక్రవారాల్లో హాజరుపట్టీ కిందినుంచి పిలవాలని. మిగతా రోజులు నేను చూసుకుంటాను. ఆపిల్ కింద ఏం రాసుందో మాత్రం నేను చెప్పలేదు. అది మా పిల్లే చదవాలి.