ఆమేన్ చెప్పేదాకా

ఆదివారం పొద్దున వరమ్మ వేసుకున్న పథకం చిన్నదే. బద్వేలులో కట్టుకున్న కొత్తింటికి శనివారం గృహప్రతిష్ఠ. ఆరాధనకు వచ్చినవాళ్లను చర్చి వాకిట్లోనే పిలిచేస్తే ఇల్లిల్లూ తిరిగే పని తప్పుతుంది. షామియానా, కుర్చీలు సంఘ పెద్ద లాజరు చూసుకుంటానన్నాడు. పాటలు స్నేహితురాలు కృపమణివి. భోజనంలోకి మటన్ అనుకున్నది చికెన్‌కు దించిన సంగతి కూడా లోపలికి పోతూ పోతూ కృపమణి చెవిన వేసింది.

ఆ సంఘంలో పాస్టరు వాక్యం చెప్పే ముందు ఎవరైనా లేచి బిగ్గరగా ప్రార్థన చేయవచ్చు. ప్రార్థన దేవునికే గాని వినేవాళ్లలో మనుషులూ ఉంటారు కాబట్టి, ముఖం మీద అనలేని మాటలు కొన్ని ఆ దారిన వెళ్తుంటాయి. మధ్యలో అడ్డు చెప్పే వీలు లేదు. పైగా చివర ఆమేన్ కూడా అనాలి.

ఆ రోజు కృపమణి లేచింది. "ప్రభువా, ఇంటి సొగసు మీది ఆశలో పడి, ఇతరులకు ఇయ్యవలసినది ఇయ్యలేని కఠిన హృదయమును కరిగించుము."

వరమ్మ ఆమేన్ అంది. అన్నాక అర్థమైంది. ఇంటి సొగసు అంటే కొత్తిల్లు. ఇయ్యవలసినది అంటే మటన్. కృపమణి పేరు చెప్పలేదు. పేరు చెప్పకపోవడమే వరమ్మకు రుజువు.

ఇంటికొచ్చి భర్త ఓబన్నతో చెప్పింది. "ఆయమ్మ దేవునితో చెప్పుకుంటాంటే నీకెందుకే?" అన్నాడాయన.

"దేవునికి చికెన్ సంగతి ఎట్ల తెలుస్తాది? నేను చెప్పింది ఆయమ్మ ఒక్కదానికే."

ఓబన్న చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

బుధవారం కూడికలో వరమ్మ వంతు వచ్చింది. "తండ్రీ, పైకి నవ్వుచు లోపల వేరొకటి దాచుకొనువారిని క్షమించుము" అని మొదలుపెట్టింది. అంతవరకు కృపమణికి. తర్వాత మాటలు ఊపులో వచ్చాయి. మాట ఇచ్చి తప్పేవాళ్లకు బుద్ధి నేర్పమంది. చిన్న సంగతిని సాగదీసేవాళ్లను కూడా జ్ఞాపకం చేసుకోమంది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది కృపమణి. ఎంత పొగరు అనుకుంది వరమ్మ.

ఊపులో వచ్చిన మాటలకూ సొంతదారులు దొరికారు. లాజరు అదే శనివారానికి అదే షామియానాను ఎవరో పెళ్లివాళ్లకు కూడా ఒప్పుకుని ఉన్నాడు. మరునాడు బజారులో ఓబన్నను ఆపాడు. "ఏమప్పా, మాట తప్పేటోళ్ల కుర్చీలు మీ ఇంటికి ఎందుకులే" అని వెళ్లిపోయాడు. పాస్టరు లేవి అయ్యగారి ప్రసంగాలు పొడుగని ఊరంతా అనుకుంటుంది. క్లుప్తంగా చెప్పే అయ్యగారిని ఎవరినైనా పిలుచుకోండి, నేనేమీ బాధపడను అని ఆయన బాధగా కబురు పంపాడు.

రాజంపేట నుంచి ఆడబిడ్డ కుటుంబమంతా బయల్దేరుతోంది. కృపమణితో వరమ్మ మాటలు మానేసింది గనుక పాటలూ లేనట్టే. వాళ్లు రాబోయేది కుర్చీలు, పాటలు, పాస్టరు లేని ప్రతిష్ఠకు.

"పోయి కృపమణినే అడుగు, అనింది నిన్నేనా అని. ప్రార్థనలో గాదు, నోటితో" అన్నాడు ఓబన్న.

వరమ్మ వెళ్లేసరికి కృపమణి తలుపు తీసి, కూర్చోమనకుండా వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని నిలబడింది. ఎంతకీ కదలలేదు. ఆమె భుజం పైనుంచి బంగారు అంచుల గోడగడియారం కనిపిస్తోంది. దాని కింద అచ్చు వేయించిన అక్షరాలు: ఓబన్న, వరమ్మ దంపతుల గృహప్రతిష్ఠకు ప్రేమతో.

"నీకోసమే కొంటి వదినా" అంది కృపమణి తల దించుకుని. "ఒక్కరోజు మా గోడకు పెట్టి చూద్దామనుకుంటి. పెట్టినాక దించబుద్ధి కాలేదు. ఆదివారం దేవునితో మొరపెట్టుకుంటి. బుధవారం నువ్వు లోపల దాచుకునేటోళ్లని అంటివి చూడు, నాకే తగిల్యా. అందుకే గట్టిగా ఆమేన్ అంటి."

వరమ్మ గడియారం కింది తన పేరును ఇంకోసారి చదువుకుంది. "నేననింది నిన్నే వదినా. కానీ దీనికి గాదు."

"మరి దేనికి?"

"చికెన్‌కు."

అది వివరంగా చెప్పాల్సి వచ్చింది. చెబుతుంటే తనకే ఎక్కడా అతకలేదు. కృపమణి నవ్వడం మొదలుపెట్టాక వరమ్మకు ఏడుపొచ్చింది. ఇద్దరూ కలిసి లాజరు ఇంటికి, పాస్టరు ఇంటికి వెళ్లారు. తనను కాదని తెలిసి లాజరు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆ ప్రార్థన మనసులో గుచ్చుకుని, పెళ్లివాళ్లతో అప్పటికే తగువు పడి షామియానా వెనక్కి తెచ్చుకున్నాడు. అయ్యగారు, మీ ప్రసంగం గురించి కాదండీ అన్న మాటను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

శనివారం షామియానా పడింది, పాటలు మోగాయి. ఒకరి మాటకు మన మనసులోని అర్థం అంటగట్టకూడదని అయ్యగారు చెప్పాడు. ఇప్పుడు అడ్డేమీ లేదు గనుక అన్నం చల్లారేదాకా చెప్పాడు. వినాల్సినోళ్లు వింటే శానా బాగుండు అని ప్రతివాళ్లూ పక్కవాళ్లతో అన్నారు.

ముగింపు ప్రార్థన ఓబన్నది. ఎవరికీ అనుమానం రాకూడదని ఆయన అందరి మేలు కోసం పేరుపేరునా ప్రార్థించాడు. ఒక్క లాజరు పేరు మరిచిపోయాడు.