బాలామ్‌కు మూడో పిలుపు

మృతుల పండుగ ఇంకా తొమ్మిది రోజులుందనగా, ఒక గురువారం ఉదయం బసిలియా మొక్కజొన్నలు సున్నపునీటిలో నానబోసి, భర్త చొక్కా ఒకటి మడిచి సంచిలో పెట్టుకున్నది. ఆమె ఆలోచన చాలా చిన్నది. ఎనిమిదింటికి ఊరి పక్కనున్న పాత మాయా శిథిలాలు చేరాలి. పెద్ద గుడి వెనక చొక్కా పరచి భర్తను మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. చొక్కా మడుచుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చి, పదింటికల్లా పిండి రుబ్బుకోవాలి.

వారి ఊళ్లో దెబ్బ తగిలి పోయినవాడి ప్రాణం పడిన చోటనే నిలిచిపోతుంది. ఇంటివాళ్లు వెళ్లి అతడి చొక్కాలోకి పిలుచుకుని రావాలి. లేకపోతే పండుగనాడు పోయినవాళ్ల కోసం బల్ల మీద ఎంత వడ్డించినా అతడికి ఇంటిదారి తెలియదు.

ఆమె భర్త ఎలాదియో బాలామ్ పదకొండు నెలల క్రితం ఆ గుడి వెనకగోడ మీద మొలిచిన చెట్టు వేళ్లు నరుకుతుండగా రాయి ఊడి కిందపడి చనిపోయాడు. శిథిలాల కార్యాలయం మాత్రం అతడు బయట రోడ్డు మీద పోయాడని కాగితం రాసింది. లోపల పోయాడంటే, నడుముకు తాడు లేకుండా మనిషిని అంత ఎత్తు ఎవరు ఎక్కించారని అడుగుతారు. రోడ్డును ఎవరూ ఏమీ అడగరు. బసిలియా ఆ కాగితాన్ని నమ్మి రోడ్డు మీదనే రెండు విడతలు చొక్కా పరచింది. రెండుసార్లూ అతడు కలలో గుమ్మం బయటే, అటు తిరిగి నిలబడ్డాడు. చివరకు అతడితో పనిచేసిన మనిషి ఒకడు మనసు ఆగక, పోయిన తరువాత నలుగురం మోసుకెళ్లి రోడ్డు పక్కన పడుకోబెట్టామని చెప్పాడు.

గేటు దగ్గర కాపలావాడు తిబుర్సియో బాలామ్, ఎలాదియో అన్నకొడుకు. గుడి వెనక్కి ఎవరినీ పోనివ్వవద్దని పై ఆజ్ఞ.

"నేనటు తిరిగి నిలబడతా పిన్నీ," అన్నాడు. "తొందరగా వచ్చెయ్."

ఆమె చొక్కా పరచి, కొవ్వొత్తి వెలిగించి మొదటి పిలుపు పిలిచింది. సరిగ్గా అప్పుడే గోడ మలుపు అవతల లియాంద్రో అనే గైడు నలభైమంది విదేశీయులను నిలబెట్టి ఉన్నాడు. అతడు రాజధాని నుంచి వచ్చినవాడు. మాయా భాషను చెక్కిన రాళ్ల మీద నేర్చుకున్నాడు కాని, మనుషుల దగ్గర నేర్చుకోలేదు. బాలామ్ అంటే జాగ్వార్ పులి అని అతడికి తెలుసు. ఆ ఊళ్లో సగం ఇళ్లకు అదే ఇంటిపేరని తెలియదు. మలుపు అవతలికి వినపడింది బాలామ్, రా అన్నంతే; మాయా భాషలో మనిషిని రమ్మన్నా మృగాన్ని రమ్మన్నా మాట ఒకటే. ఈ ముసలమ్మ పులిని పిలుస్తున్నదని అతడు గర్వంగా వివరించాడు. ఆమె రెండోసారి పిలిచింది. పొదలోంచి ఒక అడవి కోడి లేచింది. వివరణ అక్కడితో ఆగి పరుగు మొదలైంది.

పరుగెత్తుతూనే లియాంద్రో చేతిరేడియోలో అరిచాడు. "గుడి వెనక బాలామ్!"

"కాదండీ, బాలామ్ గేటు దగ్గరే," అన్నాడు తిబుర్సియో మర్యాదగా.

"గేటు దగ్గర కూడానా?"

"అవునండీ. ఇంకొకరు కావాలంటే కార్ల దగ్గర మా అన్న ఉన్నాడు. పిలవమంటారా?"

రేడియో చప్పుడులో విదేశీయులకు వినపడింది మూడు బాలామ్‌లు మాత్రమే. దారులన్నీ మూసుకుపోయాయనుకుని, ఎక్కరాదని రాసి ఉన్న గుడి మెట్లన్నీ ఎక్కేశారు. కాపలావాళ్లు ఈలలు వేశారు. బడిపిల్లలను వస్తుశాలలో పెట్టి తాళం వేశారు. అటవీశాఖవాళ్లు వలలతో, తుపాకులతో దిగారు. మధ్యాహ్నానికి పట్నం రేడియోలో పులులు ఐదయ్యాయి. ఈ గొడవలో ఎవరో బసిలియాను కాపాడుదామని రెండు చేతులూ పట్టి ఈడ్చుకొచ్చారు. మూడో పిలుపు ఆమె గొంతులోనే ఉండిపోయింది.

శిథిలాల కార్యాలయం అధికారి ఓల్గీన్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఎవర్ని పిలిచావమ్మా?"

"మా ఆయన్ని. ఎలాదియో బాలామ్‌ని."

"అక్కడెందుకు పిలిచావు?"

"అక్కడే కదయ్యా పడ్డాడు."

ఓల్గీన్ కలం ఆగింది. మనిషిని పిలిచిందని రాస్తే ఆ మనిషి ఎక్కడ పోయాడో కూడా రాయాలి. పులి అని రాస్తే పులితోనే సరిపోతుంది.

"నువ్వు చూసింది పులిని," అన్నాడు.

"నేనేమీ చూడలేదు. చూసి ఉంటే పిలవాల్సిన పని లేదు."

అతడు పులి అనే రాశాడు. ఒకరి వీపు ఒకరు తప్ప మరేదీ చూడని నలభైమంది సంతోషంగా సాక్ష్యం పెట్టారు. ఉన్న మనిషి అక్కడ పోయాడని ఒప్పుకోవడానికి పదకొండు నెలలు చాలకపోయిన కార్యాలయం, లేని పులిని ఒక మధ్యాహ్నంలో ధ్రువీకరించింది. రేడియోలో పరిహాసమాడినందుకు తిబుర్సియోను దూరపు శిథిలాలకు బదిలీ చేశారు. అతడు చెప్పింది తన ఇంటిపేరు మాత్రమే.

వారం తిరగకుండానే గుడి వెనక తాళ్లు కట్టి మూడు భాషల్లో పలక నాటారు. పండుగ ముందురోజు బసిలియా అందరిలాగే టికెట్టు కొనుక్కుని వెళ్లి, దాని ముందు నిలబడి కూడబలుక్కుంటూ చదివింది: "బాలామ్ నివాసస్థలం. ప్రవేశం లేదు." అతడు అక్కడ ఉన్నాడని కార్యాలయం ఒప్పుకున్నది. అక్కడ పోయాడని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

చుట్టుపక్కల మనిషి జాడ లేదు. కాపలావాళ్లు కూడా యాభై అడుగుల ఇవతలే ఆగిపోతున్నారు. ఆమె తాడు ఎత్తి లోపలికి నడిచి చొక్కా పరచింది. పిలుపులు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలా అని ఒక్క క్షణం ఆలోచించింది. ఎలాదియో ఒకసారి పిలిస్తేనే, విన్నానులే అని విసుక్కునే మనిషి. రెండు పిలుపులు విని, ఎనిమిది రోజులుగా కూర్చుని ఉంటాడు.

"ఎలాదియో బాలామ్, రా," అన్నది మెల్లగా. "ఆలస్యమైంది. నా తప్పు కాదు."

చొక్కా చేతులు లోపలికి మడిచి, గుండెకు హత్తుకుని, వెనక్కి చూడకుండా బయటకు వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తాడు ఇవతల లియాంద్రో అప్పుడే తీసుకొచ్చిన కొత్త విదేశీయులతో నిలబడి నోరు తెరచి చూస్తున్నాడు.

"పెద్దమ్మా, లోపల బాలామ్ ఉందని రాసుంది కదా, భయం వేయలేదా?"

"ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేశాను నాయనా," అని ఆమె దారి ఇమ్మని ముందుకు సాగింది.