మీ జనాన్ని మీరే తెచ్చుకోండి!

చేయాల్సిన పనులు ఇవి: నల్ల టీషర్టు కొనాలి. నవ్వకుండా ఫొటో దిగాలి. పోస్టర్ మనమే చేయించుకోవాలి. ఫాలోవర్లను పెంచుకోవాలి. చివరగా, మన పాటలు వినడానికి నలభై మందిని మనమే వెంటబెట్టుకు రావాలి.

పంజాగుట్టలో, ఫ్లైఓవర్ పక్క బిల్డింగు మూడో అంతస్తులో కొత్తగా ఓ కెఫే తెరిచారు. ఆదివారం మధ్యాహ్నానికి నన్ను డీజేగా బుక్ చేస్తూ మేనేజర్ సాయికిరణ్ గారు చెప్పిన జాబితా అది. పాటలు ఎలా వేస్తానో మాత్రం అడగలేదు. ఎంత మర్యాదస్తుడు!

దీన్ని దోపిడీ అనేవాళ్లున్నారు. నేను వరమంటాను! ఈ పద్ధతి అన్నిచోట్లకూ రావాలి. డాక్టరు తన రోగుల్ని ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మెట్రో డ్రైవరు ప్రయాణికుల్ని చుట్టాల్లోంచి పోగెయ్యాలి. అప్పుడు గానీ ఎవరి టాలెంట్ ఎంతో తేలదు!

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాను. అమీర్‌పేటలో జావా క్లాసుల పైఅంతస్తులో మూడు నెలలు డీజే కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించాను. అందుకే నలభై మంది సంగతి బోరబండలో మా అమ్మ బుచ్చమ్మకు చెప్పాను.

"గింతేనా? ఫికర్ చెయ్యకు బిడ్డా" అంది.

కుంకుమ భరిణె పట్టుకుని గల్లీ గల్లీ తిరిగింది. బొట్టు పెట్టి పిలవకపోతే మా దగ్గర పిలిచినట్టే కాదు మరి! "మా పెద్దోని ప్రోగ్రాం. ఇంటిల్లిపాది రావాలె."

అరవై మంది వచ్చారు! భూలక్ష్మి అత్త కానుకగా స్టీలు గిన్నె తెచ్చి, "అన్నం ముందా, పాట ముందా?" అని అడిగింది. సెంట్రింగ్ పని చేసే రాజనర్సయ్య మామ మెట్టును కాలితో తట్టి, "గీ మెట్లు మేం పోసినయే" అన్నాడు.

సాయికిరణ్ గారు వాళ్లను తలుపు దగ్గరే ఆపేశారు.

"ఏంటండీ ఇది? క్రౌడ్ అంటే ఈ క్రౌడ్ కాదు! చెప్పులతో ఎంట్రీ లేదు."

"గంతేనా? ఇడుస్తం తియ్" అని అరవై మందీ మెట్ల మీదే చెప్పులు విడిచారు. ఏ కళాకారుడికి దక్కింది ఇంత గౌరవం?

"షూస్ కంపల్సరీ" అన్నారాయన.

తనను బొట్టు పెట్టి పిలవలేదని ఆయన అలిగాడనుకుంది అమ్మ. ఆయన నుదుటికీ బొట్టు పెట్టి, "నువ్వు సుత జర కూసొని ఇను బిడ్డా" అంది. ఆయన టిష్యూతో తుడుచుకున్నారు.

ఇక అసలు వరం గురించి చెప్పాలి. హెడ్‌ఫోన్స్! పెట్టుకుంటే తలుపవతల ఎవరేమన్నా వినపడదు. నేను బూట్లతో లోపలికెళ్లి పెట్టుకున్నాను. ఖాళీ కుర్చీలకు రెండు గంటలు పాటలు వేశాను. బుక్కయినవాణ్ణి కదా! "ప్రొఫెషనల్" అని సాయికిరణ్ గారు మెచ్చుకున్నారు. వచ్చే ఆదివారం కూడా నాదేనట, 'మంచి క్రౌడ్'ను తెస్తే.

బయటికొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. పైమెట్టు మీద అమ్మ ఒక్కతే ఉంది, ఒళ్లో స్టీలు గిన్నెతో.

"మస్తు కొట్టినవ్ బిడ్డా. లోపట మంది నిండిండ్రా?"

"నిండిండ్రమ్మా" అన్నాను.

పాఠకులారా, మీకు బూట్లుంటాయి. వచ్చే ఆదివారం తప్పక రండి. ఆ పైమెట్టు దాటేటప్పుడు మాత్రం బుచ్చమ్మను ఒక్కసారి తలుచుకోండి. లోపలున్న నాకు ఆ పని చేతకాలేదు.