తలుపుకూ లిఫ్టుకూ మధ్య

దేని పని అది నిక్కచ్చిగా చేసే రెండు వస్తువులు కలిసినప్పుడు తప్పు ఎక్కడి నుంచి పుడుతుంది? సమన్వయ ఇంజనీరు తనను తాను ఇలా ప్రశ్నించుకుంటున్న సమయానికి వాళ్లమ్మ నాలుగో అంతస్తులో, తెరుచుకోని లిఫ్టులో ఉంది.

ఆ కొత్త కార్యాలయంలో లిఫ్టు సాఫ్ట్‌వేర్ ఒక సంస్థది, తలుపు సాఫ్ట్‌వేర్ మరో సంస్థది. ఎవరికి వారే యమునా తీరే. లిఫ్టువారు తమ గదిలో ఒక ఉత్తుత్తి తలుపును సృష్టించుకుని పరీక్షలు జరుపుకున్నారు. తలుపువారు ఒక ఉత్తుత్తి లిఫ్టును. (మనం కల్పించుకున్న ఎదుటివాడు మన మాట ఎన్నడూ కాదనడు.) ఇద్దరికీ నూటికి నూరు మార్కులు వచ్చాయి. రెంటినీ కలిపినట్టు ధ్రువపత్రం అందితే ఇంజనీరు ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ వేడుక చూడటానికే అమ్మను రమ్మన్నాడు.

అసలు తలుపేమో లిఫ్టు "ఆగాను" అంటేనే తెరుచుకుంటుంది. అసలు లిఫ్టేమో తలుపు తెరుచుకుంటేనే "ఆగాను" అంటుంది. రెండూ నియమం తప్పకుండా ఒకదాని కోసం మరొకటి నిరీక్షిస్తున్నాయి.

"ఒరేయ్, నువ్వు కట్టింది ఇదేనా?" లోపలి నుంచి అమ్మ గొంతు.

"కట్టలేదమ్మా, కలిపాను."

"అయితే విడదియ్యి. బయటికొస్తాను."

"మా లిఫ్టు ఆగిందండీ, చెప్పలేదంతే," అన్నాడు లిఫ్టు నిపుణుడు.

"చెప్పందే మాది తెరుచుకోదు. పిలవని పేరంటానికి వెళ్లే రకం కాదు," అన్నాడు తలుపు నిపుణుడు.

"ఫ్యాను కూడా ఆగిందిరా. అదెవరికి చెప్పి ఆగిందో మరి. ఊపిరాడటం లేదు," అంది అమ్మ.

ఇంజనీరు మెడలో అత్యవసర తాళంచెవి వేలాడుతోంది. కానీ మనిషి చెయ్యి తగిలితే అది సమన్వయం కాదని నిబంధన, ధ్రువపత్రం రద్దవుతుంది. అతను పక్కనే నిలబడిన పర్యవేక్షణ సంఘం అధ్యక్షుడి చేతిలోని ధ్రువపత్రం వైపు చూశాడు. తలుపు వైపు చూశాడు. తాళంచెవి తిప్పాడు.

అమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి, "మెట్లెటు?" అంది.

పర్యవేక్షణ సంఘం నిలబడిన చోటే సమావేశమైంది. లిఫ్టు నిర్దోషి, తలుపు నిర్దోషి అని తేల్చి, ధ్రువపత్రాలు చెరొకటి ఇచ్చింది. రెంటినీ కలపగలిగిన ఏకైక భాగం ఇంజనీరేనని గుర్తించి, ఆయనను తాళంచెవితో సహా లిఫ్టులో శాశ్వతంగా అమర్చాలని నిర్ణయించింది. నిబంధనకు భంగం కలగకుండా, ఇకపై ఆయనను మనిషిగా పరిగణించరాదని కూడా తీర్మానించింది.

స్టూలు వెంటనే వచ్చింది. అతను కూర్చున్నాడు.

"ఏ అంతస్తండీ?"